ఇతరములు

కుమాసీలో, మెకానిక్కుల పేట మూడో వీధిలో
ఇంజనాయిల్ తాగి తాగి నేల నల్లబడ్డ చోట
నలుగురం దిగాం. ఒకే వ్యాను.
అర్థశాస్త్రం నుంచి కోరాంగ్ సారు,
సమాజశాస్త్రం నుంచి లారిబా మేడమ్,
టేపు పట్టుకున్న సివిల్ ఇంజనీరు బాయిడూ.
నేను ప్రశ్నలు చదివే మనిషిని.
పుట్టింది రెండు వీధుల అవతలే,
ఆ సంగతి దరఖాస్తులో రాశాను కాబట్టే
ఈ పని దొరికింది.

ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ము
ఫారం మీద నాకంటే ముందే ఏదో రాసి ఉంది.
నలభై రెండు ప్రశ్నలు.

డుఫియే గేర్‌బాక్సు పళ్లు కడుగుతోంది,
కిరోసిన్‌లో మోచేతుల దాకా.
"వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టారు?"
"మొదలుపెట్టింది మా ఆయన.
ఆయన మానేశాడు, నేను మానలేదు."
ఏ సంవత్సరం వేయాలో తెలీక గడి వదిలేశాను.
"మీ పోటీదారు ఎవరు?"
ఎదురు షెడ్డు న్యామెచే వైపు గడ్డం ఎత్తి చూపింది.
"కష్టమొస్తే ఆదుకునేది ఎవరు?"
గడ్డం అక్కడే ఉంది, దించలేదు.

పగలు ఆమె దగ్గరుండే వెల్డింగ్ మిషను
పొద్దు వాలాక అతని షెడ్డులో నిప్పులు రాలుస్తుంది.
కిరాయి లేదు, కాయితం లేదు.
కోరాంగ్ "లెక్కకు రాని ఆదాయం" అని రాసుకున్నాడు.
లారిబా "బంధుత్వం లాంటిది" అని రాసి
లాంటిది కింద గీత గీసింది.
బాయిడూ రెండు షెడ్ల మధ్య టేపు పరిచాడు:
పదకొండు మీటర్ల ముప్పై.
ఎవరి ముక్క వాళ్లకు సరిపోయింది.

మధ్యాహ్నం సూసూ మనిషి వచ్చాడు, నడుముకు సంచి.
రోజుకో నోటు చొప్పున ముప్పై పుచ్చుకుని
నెలాఖరుకు ఇరవై తొమ్మిది తిరిగిచ్చే మనిషి.
"దాచుకున్నందుకు ఎదురు వడ్డీయా?" అన్నాడు కోరాంగ్.
"నా డబ్బును నా నుంచి కాస్తున్నాడు,
కాపలా కూలి ఇవ్వొద్దూ?"

ఇరవై తొమ్మిదో ప్రశ్న దగ్గర టాబ్లెట్ ఆరిపోయింది.
కరెంటు పోయి అప్పటికే గంట.
లారీ బ్యాటరీకి రెండు తీగలు తగిలించి
ఆమే దానికి ప్రాణం పోసింది.
"రెండు సెడీలు," అంది. నవ్వలేదు.
ఇచ్చాం.
పొద్దున ఆమె మా శాంపిల్, ఇప్పుడు మేం ఆమె బేరం.

ఛార్జి ఎక్కేలోపు అడగడం ఆమె వంతైంది:
మీ నలుగురిదీ ఒకే షెడ్డా? అద్దె ఎవరు కడతారు?
పని తెలిసినవాడు ఎవరు, నేర్చుకునేవాడు ఎవరు?
మాటా మాటా వస్తే సర్దేది ఎవరు?

వ్యాను నీడలో ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.
కోరాంగూ లారిబా పోయిన శుక్రవారం నుంచీ
నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు.
ఎన్ని షెడ్లు తిరిగితే చాలన్నది గొడవ.

"ఇక్కడ ఒక కారుకి అయిదుగురం," అంది డుఫియే.
"గేరు నాది, వైరింగు ఇంకొకడిది,
రంగు మూలషెడ్డు ముసలాయనది.
ఎవడి బోల్టు వాడు బిగించి పోతే
బండి పెళ్లికూతురులా మెరుస్తుంది, కదలదు.
చివర్న ఎక్కి తోలి చూడాలి."
"ఎవరు?"
"డబ్బులు రావాల్సిన వాళ్లందరం.
ఇరుక్కుని కూర్చుంటాం."

సాయంత్రం లెక్కల విభాగానికి రసీదు పంపాను:
బ్యాటరీ సేవ, రెండు సెడీలు,
సంతకం చోట నూనె వేలిముద్ర.
ఏ శాఖ ఖర్చో రాయలేదని తిప్పి పంపారు.
అన్ని శాఖల పేర్లూ రాయబోతే గడి చాల్లేదు.

నలభై రెండో ప్రశ్న: ఇతరములు, వివరించండి.
పదకొండు మీటర్ల ముప్పై అని రాసి కొట్టేశాను.
మిషను రాత్రి అటు పోతుంది, తెల్లారి ఇటొస్తుంది,
ఇద్దరు పట్టనిదే లేవని బరువు.
మోసేది ఎవరని
మాలో ఒక్కరమూ అడగలేదు.

రేపు పొద్దు వాలేవేళకు వెళ్తాను.
వ్యాను లేకుండా.
ఒక చివర పట్టుకోవడానికి
చేతులు ఖాళీగా ఉంచుకుని.